చిగుళ్ల జబ్బుతో ఎముక కరిగింది, బోన్ గ్రాఫ్ట్ చేయించుకున్నవాళ్లు చెప్పండి

రాజాం_మాస్టారు:
మా అమ్మకి 58 ఏళ్లు, షుగర్ ఉంది. కింది దవడలో ఒక పన్ను చుట్టూ ఎముక కరిగిపోయిందట. నొప్పి లేదు గానీ పన్ను కాస్త కదులుతోంది. ఒక డాక్టరు తీసేసి ఇంప్లాంట్ పెట్టించమన్నారు. ఇంకొకరు చిగురు తెరిచి ఎముక పొడి పెడితే నిలబడొచ్చు అన్నారు. అమ్మ మాత్రం పీకించడానికి ససేమిరా అంటోంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎవరైనా చేయించుకున్నారా?

వాణి_విజయనగరం:
నేను చేయించుకున్నాను మాస్టారూ. ముందు ఎక్స్‌రే చూపించి, ఎముక ఎలా పోయిందో అడగండి. పన్ను పక్కన నిలువుగా గుంత పడి, చుట్టూ ఎముక గోడలు మిగిలి ఉంటే పొడి నిలుస్తుంది, గట్లున్న మడిలో నీళ్లు నిలిచినట్టు. పళ్ల వరుస పొడవునా ఎముక సమంగా దిగిపోతే మాత్రం తిరిగి పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. నాకు రెండో వైపు పళ్లకి అలాగే ఉంటే అక్కడ గ్రాఫ్ట్ వద్దని డాక్టరుగారే చెప్పేశారు. ఆ మాటతోనే ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఆపరేషన్ మత్తు ఇంజెక్షన్‌తోనే. వేరుకి పట్టిన గార గీకుతుంటే నొప్పి తెలియదు, గరగరమని తలలో మోగుతుంది. తర్వాత నా చేతి నుంచే రక్తం తీసి మిషన్‌లో తిప్పారు. ట్యూబులో ఎర్రదానిపైన లేత పసుపు ముద్ద తేలింది. దాన్ని నొక్కి పల్చటి పొరలా చేసి, పొడి మీద కప్పి కుట్లు వేశారు.

సంగివలస_పీజీ:
మేడం చెప్పిన పసుపు ముద్ద పీఆర్ఎఫ్, అంటే మన రక్తం నుంచే తీసే, ప్లేట్‌లెట్లు నిండిన ఫైబ్రిన్ గడ్డ. 2001లో ఫ్రాన్స్‌లో మొదలైన పద్ధతి. పొర ఎందుకంటే, చిగురు కణాలు ఎముక కంటే వేగంగా పెరిగి గుంతలోకి దిగిపోతాయి, వాటిని ఆపాలి. ఇలా పొర అడ్డుపెట్టి పన్ను చుట్టూ కణజాలం తిరిగి పెరిగేలా చేయొచ్చని 1982లో స్వీడన్ వాళ్లు మనిషి పంటి మీద చూపించారు.

మాస్టారూ, నేరుగా ఆపరేషన్‌కి వెళ్లకండి. ముందు చిగురు లోపలిదాకా డీప్ క్లీనింగ్ చేయించి, ఆరు నుంచి ఎనిమిది వారాలాగి పన్ను పక్కన చిగురు గుంత లోతు మళ్లీ కొలవాలి. ఆ క్లీనింగ్‌తోనే కొందరికి ఆపరేషన్ అక్కర్లేకుండా పోతుంది. అమ్మగారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 7 దగ్గర్లోకి రావాలి. షుగర్ ఎక్కువుంటే చిగురు మానదు, చిగురు జబ్బు ఉంటే షుగర్ దిగిరాదు. పొడుల్లో ఆవు ఎముక నుంచి చేసినవీ ఉంటాయి. ఇంట్లో పట్టింపు ఉంటే ముందే చెప్పండి, కృత్రిమంగా చేసిన కాల్షియం ఫాస్ఫేట్ పొడులు ఉన్నాయి.

ఉద్దానం_కొబ్బరి:
మా పల్లెల వాళ్లకి ఒక మాట. కిడ్నీ సమస్య ఉంటే పంటి డాక్టరుకి మొదటే చెప్పండి, క్రియాటినిన్ రిపోర్టు పట్టుకెళ్లండి. ఆపరేషన్ తర్వాత రాసే నొప్పి బిళ్లల్లో చాలావరకు కిడ్నీకి పడవు. మా చిన్నాన్నకి మందు మార్చి ఇచ్చారు. ఇంకోటి, మా పెద్దమ్మకి అడ్డపొగ (చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటు. చుట్ట మానితేనే గ్రాఫ్ట్ అన్నారు, అంగిలి కూడా పరీక్షించారు. నిప్పు లోపల పెట్టుకుని కాల్చేవాళ్లని తప్పకుండా తీసుకెళ్లి చూపించండి, అది కేన్సర్ దాకా పోతుంది.

రాజాం_మాస్టారు:
అందరికీ నమస్కారాలు. ఎక్స్‌రేలో గుంత నిలువుగానే ఉందన్నారు, ప్రాణం లేచొచ్చింది. క్లీనింగ్‌కి రమ్మన్నారు. ఆపరేషన్ తర్వాత జాగ్రత్తలేమిటి వాణిగారూ?

వాణి_విజయనగరం:
కుట్లు విప్పేదాకా అటువైపు బ్రష్ పెట్టొద్దు, క్లోర్‌హెక్సిడిన్ (క్రిములు చంపే మౌత్‌వాష్)తో పుక్కిలించాలి. మెత్తగా కలిపిన పప్పన్నం రెండోవైపుతో నమలమనండి. పెదవి లాగి చిగురు చూసుకోనివ్వొద్దు, కుట్లు కదిలిపోతాయి. ఎముక పట్టిందో లేదో ఆరు నెలల తర్వాత తీసే ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఈలోగా మూడు నెలలకోసారి క్లీనింగ్ తప్పించకండి.