ఉద్యోగం వదిలితేనే మనసుకు నచ్చినట్టు బతికినట్టా?

దేవరకొండ_బాటసారి:
హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఊళ్లో బత్తాయి తోట చూసుకుందామనుకుంటున్నా. ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర 1943 నాటి పుస్తకంలో ఒక కేఫ్ సర్వర్ వస్తాడు. నడక, వంగడం, ట్రే పట్టుకోవడం అన్నీ అతిగానే. సర్వర్ వేషం కట్టినట్టుంటాడు. మీటింగుల్లో నాకు నేను అచ్చం అట్లాగే కనిపిస్తున్నా. నా అసలు స్వభావం రైతుది. మీరేమంటారు?

పాలమూరు_పిలగాడు:
బోర్లో నీళ్లున్నాయా? ముందు అది చెప్పు.

మిల్లు_గుమస్తా (మిర్యాలగూడ):
తమ్మీ, సార్త్రను సగమే చదివినవు. సర్వర్ పని తప్పని ఆయన అనలేదు. 'నేను సర్వర్‌నే, ఇంకేం కాను' అని తనను తాను నమ్మించుకోవడమే ఆత్మవంచన. 'నా అసలు స్వభావం రైతుది' అన్నావు చూడు, అదీ ఆ బాపతే. నేను మిల్లులో బస్తాల లెక్క రాస్తా. తూకం తగ్గించి రాయమని సేటు అన్న రోజు రాయనన్నా. మూడు నెలలు జీతం ఆపిండు. ఉద్యోగం మాత్రం వదల్లేదు. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ రాజ్యమేలుతూనే, దండయాత్రల మధ్య తన ఆలోచనలు తన కోసం తాను రాసుకున్నాడు. ఆయనేం వదిలాడు?

దేవరకొండ_బాటసారి:
చక్రవర్తికి ఈఎంఐలు లేవన్నా.

మిల్లు_గుమస్తా:
తత్వవేత్త ఎపిక్టెటస్ బానిసగా బతికి వచ్చినోడు. మార్కస్ ఆయన మాటలే చదువుకున్నాడు. ఇప్పుడేమంటావు?

పాలమూరు_పిలగాడు:
మా నాయన ముంబైలో మట్టి పనికి పోయిండు. నీ అసలు స్వభావమేందని ఆయన్ని అడిగినోడు లేడు. మీకు టైముంది, కానీయండి.

దేవరకొండ_బాటసారి:
బుద్ధుడు ఇల్లు వదిలాడు. రమణ మహర్షి 1896లో తిరువణ్ణామలై పోయాడు. తర్వాత తల్లి వచ్చి ఏడ్చినా కదల్లేదు. వాళ్లకు లేని అడ్డు నాకెందుకు?

సాగర్_టీచరమ్మ:
'తల్లి ఏడ్చినా' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ తల్లి 1916లో తానే కొడుకు దగ్గరికి వెళ్లి ఉండిపోయింది. మా ఆయనా తనను తాను తెలుసుకుంటానని ఆశ్రమాలు పట్టుకు తిరిగాడు. మామగారి డయాలసిస్ ఫైలు పట్టుకుని బస్సులెక్కింది నేను. తమ్ముడూ, నీ భార్యను అడిగావా?

దేవరకొండ_బాటసారి:
మీ ఆయన మీద కోపం నా మీద తీర్చుకోకండి అక్కా. ఇది ఫిలాసఫీ చర్చ.

సాగర్_టీచరమ్మ:
ఫిలాసఫీయే మాట్లాడుకుందాం. రోమన్ తత్వవేత్త సెనెకా కోపం గురించి రాస్తూ తన అలవాటు ఒకటి చెప్పాడు. రాత్రి దీపం తీసేశాక, సంగతి తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకున్నాక, ఆ రోజు తాను చేసినవీ అన్నవీ తిరగేసుకుంటాడట. అందరూ ఆహా అంటారు. నాకు మాత్రం ఆ ఊరుకున్నామె మీదే ధ్యాస. పక్కనే ఉంది, ఒక్క మాట అడిగితే పోయేదేముంది? సోక్రటీస్ నయం, బజార్లో నలుగురి ముందు ప్రశ్నలు వేశాడు. ఎదుటివాడికి 'కాదు' అనే సందుంది.

మిల్లు_గుమస్తా:
ఆయన మాత్రం? జైలు నుంచి తప్పించుకుపొమ్మని, పిల్లల్ని అన్యాయం చేయొద్దని స్నేహితుడు క్రీటో బతిమాలితే వినలేదు కదమ్మా. ముగ్గురు కొడుకులు.

సాగర్_టీచరమ్మ:
క్రీటో వాదన అంతా విని, జవాబిచ్చి, అప్పుడు కాదన్నాడు. భార్యను మాత్రం చివరి రోజు ఏడుస్తోందని ఇంటికి పంపించేశాడు. అందుకు ఆయన్నీ వదిలిపెట్టను.

దేవరకొండ_బాటసారి:
అడగలేదు! అడిగితే వద్దంటుంది. అందుకే ఇక్కడ అడిగా. చాలా?

మిల్లు_గుమస్తా:
అంటే మేం సరేనంటే ఆమెకు చూపిస్తవా?

సాగర్_టీచరమ్మ:
ఉండండి అన్నా. తమ్ముడూ, ఆమె వద్దంటే ఎందుకు వద్దంటుందో ఆమె మాటల్లోనే ఇక్కడ రాయి. అప్పుడు సార్త్ర సంగతి చూద్దాం.