బీఏ అర్థశాస్త్రం రెండేళ్లు పూర్తయింది. ఈ క్రెడిట్లు విదేశంలో పనికొస్తాయా?

ప్రశ్న: బత్తాయితోట, దేవరకొండ

అందరికీ నమస్కారం. బీఏ నాలుగో సెమిస్టరు ఫలితాలు వచ్చాయి. అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, చరిత్ర నా సబ్జెక్టులు. తెలుగు మాధ్యమం. సగటు గ్రేడు పదికి 8.2. మెమోలో అర్థశాస్త్రం పేపరుకు 5 క్రెడిట్ల చొప్పున ఉన్నాయి, సెమిస్టరు మొత్తం కలిపితే 25 పైచిలుకు.

డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావ, "ఈ రెండేళ్ల క్రెడిట్లు ఇక్కడికి మార్చుకో, ఇంకో రెండేళ్లు చదివితే అమెరికా డిగ్రీ చేతికొస్తుంది" అంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, క్రెడిట్లు నూటికి నూరు శాతం మారతాయని, ఆ హామీకి విడిగా రుసుము ఉంటుందని చెప్పారు. జర్మనీలో అసలు ఫీజే ఉండదని నా స్నేహితురాలి మాట.

మాకు కొద్దిపాటి బత్తాయి తోట ఉంది. నాన్న అప్పు తేవడానికి సిద్ధంగానే ఉన్నారు, నేనే ఆపుతున్నాను. బత్తాయి ధర ఎప్పుడు ఎలా పడిపోతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని.

ఇప్పుడే వెళ్లాలా, డిగ్రీ ముగించి వెళ్లాలా? తెలుగు మాధ్యమంలో చదివిన పేపర్లను వాళ్లు లెక్కలోకి తీసుకుంటారా? ఎప్పటికైనా తిరిగొచ్చి జూనియర్ లెక్చరర్ ఉద్యోగానికి పోటీ పడాలని ఉంది. విదేశీ డిగ్రీతో అది కుదురుతుందా?

జవాబు: మిర్యాలగూడ అక్క

చెల్లీ, నేను మిర్యాలగూడలో డిగ్రీ చదివి జర్మనీలో అర్థశాస్త్రం ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు అక్కడే ఒక బీమా సంస్థలో గణాంకాల పని. ముందు ఆ నూటికి నూరు శాతం మాట తేల్చేద్దాం. ఏ పేపరును ఒప్పుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్నది నిన్ను చేర్చుకునే విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. అమెరికాలోనైనా యూరప్‌లోనైనా ఇదే పద్ధతి. మధ్యలో కూర్చున్నవాళ్లెవరూ దానికి హామీ ఇవ్వలేరు. హామీకి డబ్బు అడిగారంటే ఆ ఆఫీసు మెట్లు మళ్లీ ఎక్కకు.

క్రెడిట్ల సంఖ్య చూసి నువ్వు ధైర్యపడుతున్నట్టున్నావు. మీ నాన్న మార్కెట్‌లో లారీ దించితే వ్యాపారి కాయ సైజు చూసి ధర కడతాడు చూడు, ఇదీ అలాంటిదే. పేపరు పేరు కింద ఏ అధ్యాయాలున్నాయి, గణితం ఏ మేరకు వాడారు, ఏ పుస్తకాలు చెప్పారు, పరీక్ష ఎలా పెట్టారు అని విప్పి చూస్తారు.

ఒకసారి లెక్క వేద్దాం. యూరప్‌లో పూర్తికాలం చదువు ఏడాదికి 60 ఈసీటీఎస్ (అక్కడి ఉమ్మడి క్రెడిట్ లెక్క) పాయింట్లు, సెమిస్టరుకు 30. ఒక పాయింటు వెనక తరగతి, ఇంటి చదువు, పరీక్ష అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల శ్రమ ఉంటుంది. నీ సెమిస్టరు 25 క్రెడిట్లనుకుంటే అవి వాళ్ల 30కి సమానం. అంటే నీ 5 క్రెడిట్ల పేపరు వాళ్ల లెక్కలో దాదాపు 6. మూడేళ్లకు 180 అవుతాయి, అక్కడి బ్యాచిలర్ డిగ్రీకి కనీసం కావలసిందీ అంతే. ఇక్కడిదాకా వినడానికి బాగానే ఉంటుంది. ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టినప్పుడు మాత్రం ఆ 180లో అర్థశాస్త్రం వాటా ఎంత అని అడుగుతారు. సెమిస్టరుకు ఒక పేపరు చొప్పున చూస్తే ఆరు సెమిస్టర్లకు నీకు తేలేది 36. చరిత్రలో పదికి పది వచ్చినా ఆ గడి నిండదు. మనది మూడు సబ్జెక్టులు సమానంగా పంచుకునే డిగ్రీ, వాళ్లది ఒకే సబ్జెక్టు ప్రధానంగా సాగేది. పైగా చాలా కోర్సులు సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలకు ఇన్ని పాయింట్లు, గణితం, గణాంకశాస్త్రం, ఎకనామెట్రిక్స్‌కు (ఆర్థిక సమాచారాన్ని గణాంక పద్ధతులతో విశ్లేషించే పేపరు) ఇన్ని పాయింట్లు అని విడివిడిగా గీత గీస్తాయి. మంచి మార్కులున్న మన పిల్లలు కూడా తిరస్కరణ లేఖ అందుకునేది ఈ గీత దగ్గరే.

గ్రేడు విషయంలో నీకు దిగులు అక్కర్లేదు. జర్మనీలో 1 అత్యుత్తమం, 4 కనీస ఉత్తీర్ణత. గరిష్ఠం నుంచి నీ గ్రేడు తీసేసి, గరిష్ఠానికీ ఉత్తీర్ణతకూ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలుపుతారు. మన దగ్గర పదికి 4 ఉత్తీర్ణత కాబట్టి నీ 8.2 అక్కడ 1.9 అవుతుంది. చాలా మంచి గ్రేడు అది.

బీఏ మధ్యలో జర్మనీకి మారే ఆలోచన మాత్రం వద్దు. అక్కడ అర్థశాస్త్రం బ్యాచిలర్ కోర్సులు చాలావరకు జర్మన్ భాషలో ఉంటాయి, ఇంగ్లీషులో చదవాలంటే ఎమ్మెస్సీయే దారి. ఫీజు లేదన్న మాట చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విషయంలో నిజమే. బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరప్ బయటి విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. కానీ ఫీజు లేకపోయినా వీసా కోసం ఏడాది ఖర్చును బ్లాక్డ్ ఖాతాలో ముందే చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, రూపాయల్లో పది లక్షలు దాటుతుంది. నెలకు 992 చొప్పున నీకే తిరిగి వస్తుంది గానీ మొదట ఆ మొత్తం ఎవరో ఒకరు సర్దాలి. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ ధ్రువపత్రం కూడా ఉండాలి. మన మెమోలు అసలైనవో కావో పరిశీలించి ఇచ్చే పత్రం అది.

జవాబు: వనపర్తి నుంచి ఒహాయో

మీ బావ చెబుతున్న పనే నేను చేశాను. అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. నా మెమోలను మొదట ఒక మూల్యాంకన సంస్థ పేపరు వారీగా అక్కడి లెక్కలోకి మార్చింది. ఆ తర్వాత విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర విభాగం తన కత్తెర తాను వేసింది. ద్వితీయ భాషగా చదివిన తెలుగు వెళ్లి విదేశీ భాష గడిలో పడింది, గదిలో మేమంతా నవ్వుకున్నాం. రాజనీతిశాస్త్రాన్ని సాధారణ విద్య కింద ఒప్పుకున్నారు. సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలను ప్రారంభ స్థాయి కోర్సులుగానే తీసుకున్నారు, వాటి పై మెట్టు మళ్లీ కలనగణితంతో చదవాల్సి వచ్చింది. భారత ఆర్థిక వ్యవస్థ పేపరు ఎలక్టివ్‌గా నమోదైంది. అంటే మొత్తం క్రెడిట్లలో కనిపిస్తుంది, మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టుకు మాత్రం ఉపయోగపడదు. మిగిలింది రెండేళ్లే అనుకున్న చదువు మూడేళ్ల దాకా సాగింది. ఆ అదనపు ఏడాది ఫీజు మీ బావ లెక్కలో ఉందో లేదో అడగండి.

గ్రేడు సగటు మన వెంట రాదు. క్రెడిట్లు మాత్రమే మారతాయి, జీపీఏ అక్కడ సున్నా నుంచి మొదలవుతుంది. సీ గ్రేడు కన్నా తక్కువ వచ్చిన పేపర్లను సాధారణంగా ముట్టుకోరు. కనీసం 30 క్రెడిట్లు తమ దగ్గరే చదవాలన్న నిబంధన చాలా చోట్ల ఉంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న బ్యాచిలర్ విద్యార్థి సెమిస్టరుకు 12 క్రెడిట్లకు తగ్గకూడదు.

ఇంకో మాట, ఇది కన్సల్టెన్సీల నోట నేను వినలేదు. అక్కడ అర్థశాస్త్రం డిగ్రీలన్నీ ఒక్కటి కావు. ప్రభుత్వ వర్గీకరణలో సాధారణ అర్థశాస్త్రం కోడ్ 45.0601, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు. ఎకనామెట్రిక్స్, పరిమాణాత్మక అర్థశాస్త్రం కోడ్ 45.0603, అది ఉంది. చదువయ్యాక పని అనుభవానికి ఇచ్చే 12 నెలల ఓపీటీకి మరో 24 నెలలు కలవాలంటే రెండో కోడ్ కావాలి. విశ్వవిద్యాలయం వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రంలో ఏ కోడ్ వేశారో చూసుకున్నాకే సంతకం పెట్టండి.

జవాబు: పాలమూరు పాత లెక్చరర్

అమ్మా, మహబూబ్‌నగర్‌లో చాలా ఏళ్లు అర్థశాస్త్రం చెప్పి రిటైర్ అయినవాణ్ని. పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూనే డబ్బు సంగతి ముందు చెబుతాను. మన రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలు ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరుతో, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పథకం. 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు, కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు మించకూడదు, డిగ్రీలో 60 శాతం ఉండాలి. ఇవి పీజీ, ఆపై చదువులకే తప్ప డిగ్రీ మధ్యలో మారేవారికి రావు. మీ కుటుంబం వీటిలో దేని కిందికైనా వస్తే, ఇప్పుడు బయలుదేరడం అంటే ఆ 20 లక్షలను వదులుకుని వెళ్లడమే. నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ లెక్క ముందు పెట్టు.

తెలుగు మాధ్యమం అడ్డు కాదు. మెమో మీద పేపర్ల పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, సిలబస్ కూడా విశ్వవిద్యాలయం ఇంగ్లీషులో ప్రచురిస్తుంది. బోధన ఇంగ్లీషులో జరిగిందన్న ధ్రువపత్రం నీకు రాదు కాబట్టి ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్ష ఎలాగూ రాయాలి. సిలబస్ విషయంలో ఆలస్యం చేయకు. నువ్వు చదివిన సంవత్సరపు సిలబస్సే కావాలి, తర్వాత మారినది పనికిరాదు. అన్ని పేపర్లవీ ముద్రించి, ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర వేయించి దగ్గర పెట్టుకో. కాలేజీ వదిలాక ఆ కాగితాల కోసం తిరిగే పిల్లలను చాలామందిని చూశాను.

దరఖాస్తులో డిగ్రీ ఇచ్చే సంస్థ అన్నచోట కాలేజీ పేరు రాయకు, విశ్వవిద్యాలయం పేరు రాయాలి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మా దగ్గర పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. అంతకుముందు ఈ ప్రాంతంలో మా తరం అందరి పట్టాల మీదా ఉస్మానియా పేరే ఉంటుంది.

కన్సల్టెన్సీలు ట్విన్నింగ్ (కొంత చదువు ఇక్కడ, కొంత విదేశంలో) అనే మాట కూడా వాడతాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం దానికి రెండు విద్యాసంస్థల మధ్య ముందే ఒప్పందం ఉండాలి, బయట సంపాదించిన క్రెడిట్లు మొత్తంలో 30 శాతం మించకూడదు. సొంతంగా విమానం ఎక్కే విద్యార్థికి అది వర్తించదు.

జూనియర్ లెక్చరర్ పోస్టుకు సంబంధిత సబ్జెక్టులో పీజీ కావాలి. విదేశీ పీజీ అయితే సమానత్వ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దీనికి యూజీసీ 2025 ఏప్రిల్‌లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఇక్కడి బీఏ పూర్తిగా ఉండి పైన విదేశీ ఎమ్మెస్సీ ఉంటే కాగితాల వరుస సాఫీగా ఉంటుంది.

తిరుగు ప్రశ్న: బత్తాయితోట, దేవరకొండ

అక్కా, అన్నా, సార్, అందరికీ ధన్యవాదాలు. మేము బీసీలం, ఆదాయం కూడా ఆ హద్దులోనే ఉంది. నాన్నకు చదివి వినిపించాను. డిగ్రీ ఇక్కడే పూర్తి చేస్తాను. ఒకటే భయం. ఇంటర్‌లో నాది హెచ్‌ఈసీ (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం), పదో తరగతి తర్వాత గణితం ముట్టుకోలేదు. మిగిలిన రెండు సెమిస్టర్లలో అక్క చెప్పిన ఆ గడులు నిండేదెలా?

జవాబు: మిర్యాలగూడ అక్క

పూర్తిగా నిండవు, సగమైనా నింపుకో. యూజీసీ 2021 నిబంధనలు సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' మీద చదవడానికి అనుమతిస్తాయి. పరీక్ష రాసి ఉత్తీర్ణురాలివైతే ఆ క్రెడిట్లు నీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో చేరతాయి. చేరే ముందే మీ కాలేజీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేకపోతే అది మెమోలోకి ఎక్కదు. గణాంకశాస్త్రం, ఆర్థికవేత్తలకు కావలసిన గణితం, ఈ రెండూ మొదట చూడు. ఎకనామెట్రిక్స్ వాటి తర్వాతే.

చదువుకోవడానికి ఇగ్నో పాఠాలు ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అర్థశాస్త్రంలో గణిత పద్ధతుల మీద అక్కడ వరుసగా యూనిట్లు ఉన్నాయి. ఇంగ్లీషు మొదట్లో బరువుగా ఉంటుంది, అయినా ఇంగ్లీషులోనే చదువు. ఉపాంత వ్యయం అన్నది మొత్తం వ్యయ ప్రమేయానికి అవకలజం అని నీ చేత్తో నువ్వు రాసి చూపగలిగిన రోజున పై స్థాయి పాఠం తెరువు.

ఆరో సెమిస్టరు అయ్యాక కూడా పాయింట్లు చాలకపోతే ఇక్కడే ఎమ్మే అర్థశాస్త్రం చేసి వెళ్లు. ఆ రెండేళ్ల పేపర్లన్నీ అర్థశాస్త్రమే కాబట్టి చాలా విశ్వవిద్యాలయాలు పాయింట్లు లెక్కించేటప్పుడు వాటినీ చూస్తాయి. నేను వెళ్లింది ఆ దారినే. చేరకముందు అక్కడి ప్రవేశ విభాగానికి ఒక మెయిలు రాసి సిలబస్ జతచేసి అడుగు, ఇంగ్లీషు తప్పులు పట్టించుకోరు.