పదో తరగతిలో అందరూ పాస్, ఏడో తరగతి పిల్లవాడికి భాగహారం రాదు: కమిటీలో ఏమి అడగాలి?

ప్రశ్న (దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి)

మా ఊరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఈసారి పదో తరగతి రాసినవాళ్లందరూ పాసయ్యారు. గేటుకు ఫ్లెక్సీ కట్టి, ఉపాధ్యాయులకు శాలువాలు కప్పాం. పరీక్షల ముందు పొద్దుపోయేదాకా పిల్లలను కూర్చోబెట్టి చదివించారు, ఆ కష్టం ఊరంతా చూసింది. అయితే మా చిన్నవాడు అదే బడిలో ఏడో తరగతి. 612ను 6తో భాగించమంటే 12 అని వేశాడు. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం గణితానికి మంచి గ్రేడే ఉంది. వాడి తోటి పిల్లల్లో కొందరు తెలుగు పాఠమే కూడబలుక్కుంటూ చదువుతారు. నేను అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో సభ్యురాలిని. ఇంతవరకు మరుగుదొడ్లు, మంచినీళ్లు, మరమ్మతుల మాటే వచ్చింది. ఈసారి చదువు గురించి అడగాలని ఉంది. ఎవరినీ నిందించినట్టు కాకుండా ఎలా అడగాలి?

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, వనపర్తి)

అమ్మా, ముందు మీ పిల్లవాడి సంగతి. వాడికి భాగహారం పద్ధతి వచ్చు, స్థానవిలువ రాలేదు. ఆరు వంద రూపాయల నోట్లు, ఒక పది నోటు, రెండు రూపాయి బిళ్లలు ఇచ్చి ఆరుగురికి సమానంగా పంచమనండి. తలా ఒక వంద ఇస్తాడు. పది నోటు దగ్గర ఆగిపోతాడు, చిల్లర మార్చక తప్పదు. పదుల స్థానంలో సున్నా ఎందుకు వస్తుందో అక్కడే తెలుస్తుంది. ఇది కింది తరగతుల్లోనే పట్టుబడాల్సిన విషయం. ఎనిమిది వరకు ఎవరినీ ఆపరు కాబట్టి అలాగే పైకి వచ్చేసింది. గ్రేడు సంగతంటారా, ఎఫ్‌ఏలో, అంటే ఏడాది మధ్యమధ్యలో చేసే మదింపులో, రాతపనికి, ప్రాజెక్టుకు కూడా మార్కులుంటాయి. చిన్న పరీక్ష అందులో ఒక భాగమే.

పాస్ శాతాన్ని తీసిపారేయకండి. 2025లో తెలంగాణ మొత్తం మీద 92.78 శాతం పాసయితే, మహబూబాబాద్ 99 దాటింది, వికారాబాద్ 74 దగ్గరే ఆగింది. జిల్లాల మధ్య అంత తేడా ఉందంటే పట్టించుకోవలసిందే. పదో తరగతి తప్పితే మన పల్లెల్లో ఆడపిల్లకు సంబంధాలు చూడటం మొదలుపెడతారు. అందుకే చివరి నెలల్లో ఉపాధ్యాయులు అంత పట్టుబడతారు. కానీ పాసవడానికి 35 మార్కులు చాలు. ఆరో తరగతి పిల్లవాడు ఎక్కడున్నాడో ఆ శాతం చెప్పదు.

మీరు అడగాల్సింది బేస్‌లైన్ పట్టిక, అంటే ఏడాది మొదట్లో పిల్లలకు ఏం వచ్చో పరీక్షించి రాసుకున్నది. ప్రాథమిక తరగతులకు 2022లో తొలిమెట్టు, మరుసటి ఏడాది పై తరగతులకు ఉన్నతి అనే ప్రభుత్వ కార్యక్రమాలు వచ్చాయి. ఎవరు చదవగలరు, ఎవరికి చతుర్విధ ప్రక్రియలు వచ్చు అని పరీక్షించి రాసుకోవడం వీటిలో ముఖ్యమైన పని. పిల్లల పేర్లు పైకి చదివించకండి, వాళ్లు చిన్నబోతారు. ఏడాది మొదట్లో భాగహారం వచ్చినవాళ్లు ఎందరు, ఇప్పుడు ఎందరు అని మాత్రం అడగండి. గణితం ఉపాధ్యాయుడి పోస్టు భర్తీ అయిందా, ఆయనను సర్దుబాటు పేరుతో వేరే బడికి పంపారా అన్నదీ కనుక్కోండి. ఉపాధ్యాయుడే లేని సబ్జెక్టుకు ప్రధానోపాధ్యాయుడిని నిలదీయడం అన్యాయం.

జవాబు (గద్వాల నుంచి ఒక తండ్రి)

హాజరు పట్టీ కూడా చూడండి అక్కా. మా వైపు విత్తన పత్తిలో క్రాసింగ్ పని వస్తుంది. సాయంత్రం మొగ్గలు వలవాలి, పొద్దున్నే పుప్పొడి రుద్దాలి. చిన్న వేళ్లకు బాగా కుదురుతుందని పిల్లలను పిలుస్తారు. ఆ వారాల్లో బెంచీలు ఖాళీ. మీ నల్లగొండలో పత్తి ఏరేటప్పుడు ఇలాగే ఉంటుంది కదా? నెలవారీ హాజరు తీసి చూస్తే ఏ పిల్లవాడు ఏ పాఠం దగ్గర తప్పిపోయాడో తెలుస్తుంది. అది బడి తప్పు కాదు, మన ఇళ్లలో మాట్లాడుకోవాలి.

ప్రశ్న అడిగిన తల్లి

అన్నా, నిజమే. దసరా తర్వాత మా తండాల పిల్లలు సగం మంది రారు. సార్, ఆ పట్టిక చూపించడం కుదరదంటే?

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, వనపర్తి)

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో 75 శాతం తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. బడి పనితీరును గమనించడం ఆ కమిటీకి చట్టమే అప్పగించిన పని. మీది వేరే పేరున్న కమిటీ అయినా, తల్లిదండ్రులు చదువు గురించి అడగడానికి అంతకన్నా ఆధారం అక్కర్లేదు. అయినా చట్టం మాటతో మొదలుపెట్టకండి. సమావేశానికి ముందే ప్రధానోపాధ్యాయుడిని విడిగా కలిసి, ‘వెనుకబడిన పిల్లలకు సాయంత్రం ఒక గంట పెడితే మేము ఇళ్ల నుంచి పంపిస్తాం, ఎవరికి అవసరమో చెప్పండి సార్’ అనండి. పట్టిక ఆయనే తీస్తారు. ఒప్పుకున్నది తీర్మానాల పుస్తకంలో తేదీతో సహా రాయించండి.