భీమిలి తీరంలో బడికి చిన్న గాలిమర పెట్టొచ్చా?

మా ఊరు భీమిలి దాటాక, సముద్రానికి దగ్గర్లో గుట్ట మీద ఉంటుంది. కరెంటు పోతే హైస్కూల్లో కంప్యూటర్ గది మూతపడినట్టే. ఊరంతా చందాలేసుకుని రెండు మూడు కిలోవాట్ల గాలిమర పెడదామనుకుంటున్నాం. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి 8 రెట్లవుతుంది. అంటే అంచనాలో చిన్న తేడా వచ్చినా లెక్క తలకిందులే. బడి డాబా మీద జెండా ఎప్పుడూ రెపరెపలాడుతుంది గానీ, దాన్ని చూసి డబ్బు పెట్టలేం కదా! పైగా పక్కనే సరుగుడు తోట. చెట్లకు తగిలి సుడి తిరిగే గాలి రెక్కలకు మంచిది కాదు. స్తంభం ఎంత ఎత్తు ఉండాలి? ఏడాది పాటు గాలి కొలవడానికి అనిమోమీటర్ అద్దెకు దొరుకుతుందా?

అసలు టెన్షన్ తుఫాన్లది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు స్తంభాలే కూలిపోయాయి. వంచి కిందికి దించుకునే స్తంభాలు తీరంలో ఎవరైనా వాడారా? ఉప్పుగాలికి బేరింగులు ఎన్నాళ్లు ఆగాయి?

సోలారే మేలని మా సైన్స్ మాస్టారి వాదన. ఎండకు కొదవ లేదు, నిజమే. కానీ వానాకాలం మబ్బు పట్టిన రోజుల్లో గాలి ఆదుకుంటుందని నా ఆశ. రెండూ కలిపి పెట్టినవాళ్లుంటే ఖర్చు, రిపేర్ల సంగతి దాచకుండా చెప్పండి.