సమస్య: “మింటి కెత్తంగ మిత్రుని మెఱుగు మాసె” (తేటగీతి)

నిర్వాహకుడు: ‘ఎక్స్‌టోల్’ (extol, కొనియాడుట) అనే ఆంగ్లక్రియకు లాటినులో ‘పైకెత్తుట’ అని మూలార్థం ఉన్నందున ఈ పాదాన్ని ఇచ్చాను. ఆ క్రియ వాడుక పూరణలో పలకాలని నియమం.

బరంపురం నుండి:
లేని గుణముల నంటించి లేశమైన
సిగ్గు పడకుండ సభలోన జెప్పి చెప్పి
వినెడివారెల్ల నవ్వగా వేదికపయి
మింటి కెత్తంగ మిత్రుని మెఱుగు మాసె

నిర్వాహకుడు: ధార బాగున్నది గాని, ఇది ముఖస్తుతి. మన ‘మింటికెత్తుట’లో అతిశయోక్తి వాసన ఉంటుంది, ఎక్స్‌టోల్‌లో అబద్ధమన్న సూచన తప్పనిసరి కాదు, ఉత్సాహంతో, నలుగురి ఎదుట, ఉన్నతంగా కొనియాడుట అన్నదే దాని అర్థం. పైగా సభ, వేదిక రెండూ ఎందుకు? “సిగ్గు పడకుండ నొక్కటే చెప్పి చెప్పి” అంటే యతి చెడదు.

పర్లాకిమిడి నుండి:
సైంధవుని జంపు బాసకై సమరమందు
శౌరి తన చక్ర మెల్లరు సంభ్రమింప
వెలుగు చీకటై పోవగా వేళ గాక
మింటి కెత్తంగ మిత్రుని మెఱుగు మాసె

నిర్వాహకుడు: మిత్రుడంటే సూర్యుడని విరుపు! అవధానంలో చప్పట్లు మీవే. అయితే ఇక్కడ ఎత్తినది చక్రమే, పొగడ్త లేదు; ధాతువును పట్టుకొని వాడుకను వదిలేశారు. (గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊరివారు వాడుకను వదలటమా!)

రాయగడ నుండి:
పట్టు నేతలో నతనికి పటిమ గలదు
కాని గర్వించి మగ్గము గదుప డయ్యె
నిజము నిజమని జనులెల్ల నెమ్మితోడ
మింటి కెత్తంగ మిత్రుని మెఱుగు మాసె

బరంపురం సభ్యులు: మా ఊరి పట్టును తలచినందుకు సంతోషం. అయితే ఇక్కడ కొనియాడినది మిత్రునా, అతని పటిమనా?

నిర్వాహకుడు: ఆంగ్లంలో ఆ క్రియ సకర్మకం, మనిషినీ, గుణాన్నీ కూడా కర్మగా తీసుకుంటుంది, కాని ఫలానా వస్తువు సుగుణాలను, ఫలానా పద్ధతి ప్రయోజనాలను ఎక్స్‌టోల్ చేశారని గుణాన్ని ముందుంచి వ్రాయటమే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ పద్యంలో పటిమ మొదటి పాదంలోనే నిలిచింది, పొగడ్త నిజం, చెరుపు గర్వం వల్ల వచ్చింది. కనుక నియమానికి ఇదే సరిపోయింది.

పర్లాకిమిడి సభ్యులు: ‘గదుప డయ్యె’ సాధువేనా?

నిర్వాహకుడు: సాధువే. ‘మగ్గమున్ + కదుపడు + అయ్యె’. ద్రుతం మీద పరుషం సరళమైంది, ఉత్వసంధి కలిసింది.