బ్యోమకేశ్ బక్షి సీరియల్లో అజిత్‌కి అన్యాయం జరిగిందా?

రాత్రిబండి:
1993లో దూరదర్శన్‌లో బ్యోమకేశ్ బక్షి అనే డిటెక్టివ్ సీరియల్ వచ్చేటప్పుడు నాకు హిందీ సగం కూడా అర్థమయ్యేది కాదు. నాన్న పక్కన కూర్చుని మెల్లగా చెబుతుంటే చూసేదాన్ని. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేసినప్పుడు ఒక్క ఎపిసోడ్ కూడా వదలకుండా చూసి, ఆ ఊపులోనే దానికి మూలమైన బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ్ కథలు ఇంగ్లిష్ అనువాదంలో తెప్పించుకుని చదివాను. అప్పటినుంచి ఒకటే బాధ.

ఆ కథల్లో బ్యోమకేశ్ స్నేహితుడు అజిత్ రచయిత, కథ మనకి చెప్పేది అతనే. మనం చూసేది అతను చూసిందే, మనకి తెలిసేది అతనికి తెలిసిందే. మొదటి కథే తీసుకోండి (చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి): మెస్‌లో గది దొరక్క తిరుగుతున్న అతుల్ అనే కుర్రాణ్ని అజిత్ జాలిపడి తన గదిలో పెట్టుకుంటాడు, హత్య జరిగాక పోలీసులు ఆ అతుల్‌నే అనుమానిస్తారు, మనమూ అజిత్‌తో పాటే సతమతమవుతాం. ఆ అతులే బ్యోమకేశ్ అని తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. సీరియల్లో ఈ పని చాలావరకు కెమెరా చేసేస్తుంది. బ్యోమకేశ్‌గా వేసిన రజిత్ కపూర్ మొహం చూడగానే హీరో ఎవరో మనకి తెలిసిపోతుంది. అజిత్‌గా వేసిన కె.కె.రైనా అంత మంచి నటుడు, ఆయనకి మిగిలింది పక్కన కూర్చుని ఆశ్చర్యపోవడమేనా? సీరియల్ తీసిన బాసు ఛటర్జీ గారంటే నాకు చాలా గౌరవం, కానీ ఈ ఒక్క విషయంలో అజిత్‌కి అన్యాయం చేశారనిపిస్తోంది. మీరేమంటారు?

సిరాబుడ్డి:
నేను ఒప్పుకోనండి. మీరు 'మక్డీ కా రస్' ఎపిసోడ్ మళ్లీ చూడండి. ముసలాయన సాలీడు రసానికి అలవాటుపడ్డాడు, ఇంట్లోవాళ్లు గదిలోంచి కదలనివ్వకుండా కాపలా కాస్తున్నా ఆయనకి ఆ మత్తు ఎలా అందుతోందో ఎవరికీ అంతుపట్టదు. బ్యోమకేశ్‌కి వేరే కేసు ఉంది కాబట్టి అజిత్ ఒక్కడే వెళ్తాడు. ముసలాయన రోజంతా ఏదో రాస్తూ ఉంటాడు, రాస్తూ రాస్తూ పెన్ను నోట్లో పెట్టుకుంటాడు. అజిత్ దాన్ని చూస్తాడు, గుర్తుపెట్టుకుంటాడు, ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. బ్యోమకేశ్ గడప దాటకుండానే రహస్యం సిరాలో ఉందని తేల్చేస్తాడు. అజిత్ ఆ పెన్ను సంగతి అక్కర్లేదనుకుని వదిలేసి ఉంటే ఆ కేసు అక్కడే ఆగిపోయేది. అర్థం చేసుకోలేకపోవచ్చు, కానీ అంత శుభ్రంగా చూసి చెప్పగలగడం చిన్న విషయమా? వాళ్లిద్దరూ ఆ గదిలో టీ తాగుతూ మాట్లాడుకునే తీరు చూస్తే ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్న మనుషుల్లాగే ఉంటారు. అది రైనా గారి వల్లే వచ్చింది.

పాత బైండు పుస్తకాలు:
ఇద్దరికీ ఒక మాట. అజిత్‌ని ముందు పక్కన పెట్టింది బాసు ఛటర్జీ కాదు, శరదిందు గారే.

ఆయన బ్యోమకేశ్‌ని మొదలుపెట్టింది 1932లో. కొన్ని కథలు రాశాక 1938లో సినిమాలకి రాయడానికి బొంబాయి వెళ్లిపోయారు, బ్యోమకేశ్‌ని దాదాపు పదిహేనేళ్లు ముట్టుకోలేదు. పాఠకులు మర్చిపోలేదు కాబట్టి మళ్లీ మొదలుపెట్టారు, 1970లో చనిపోయేదాకా రాశారు, చివరి కథ సగంలోనే ఆగిపోయింది. ఆ చివరి రోజుల కథల్లో చెప్పేవాడు అజిత్ కాదు, రచయితే నేరుగా చెబుతాడు. అంటే ఈ కథ అజిత్ లేకుండా కూడా చెప్పొచ్చని ముందు అనుకున్నది సృష్టికర్తే. నాకు ఆ కథలు మొదటివాటంత నచ్చలేదు, దానికి కారణం ముమ్మాటికీ అజిత్ లేకపోవడమే. ఆ లెక్కన రాత్రిబండి గారి బాధలో న్యాయం ఉంది, కానీ ఫిర్యాదు చేరాల్సిన చిరునామా వేరు.

ఇంకోటి, అజిత్ కూర్చుని వినేవాడు మాత్రమే కాదు. గ్రామఫోన్ పిన్ను కథలో పేపర్ ప్రకటన చూసి చౌరస్తాలో దీపస్తంభం పక్కన వేషం మార్చుకుని నిలబడింది ఎవరు? అజితే. సైకిల్ బెల్లులోంచి పిన్ను దూసుకొచ్చి గుండెలో దిగే హత్యలవి. అలాంటి హంతకుడి కోసం నడిరోడ్డు మీద ఎరగా నిలబడ్డాడంటే ఎంత ధైర్యం కావాలి!

గోదారిగట్టు:
అజిత్ గురించి అందరూ చెప్పేశారు, నేను బ్యోమకేశ్ భార్య సత్యవతి గురించి చెబుతాను. అన్నయ్యని హత్యానేరం మీద పట్టుకుపోతే తనంతట తను వచ్చి బ్యోమకేశ్ ముందు నిలబడిన అమ్మాయి. అంత ముఖ్యమైన పాత్రకి పెళ్లయ్యాక వంటిల్లూ అలకలూ తప్ప పెద్దగా పనిలేదు, పుస్తకంలోనూ అంతే, తెర మీదా అంతే. నన్నడిగితే అన్యాయం జరిగింది ఆమెకి.

పేరు గురించి కూడా ఒక మాట. మా తాతయ్య ఈ సీరియల్ చూస్తూ "బ్యోమకేశ్ ఏంట్రా, వ్యోమకేశుడు, ఆకాశమే జటగా ఉన్న శివుడు" అనేవారు. బెంగాలీలో వ బ అయిపోతుంది కదా. ఆ మాట విన్నాక అతను నాకు పరాయివాడిలా అనిపించలేదు. డిటెక్టివ్ అంటే ఒప్పుకోడు, సత్యాన్వేషి అనే అనాలంటాడు, ఆ మాటకి మనకి అనువాదం కూడా అక్కర్లేదు.

రాత్రిబండి:
బైండు పుస్తకాలు గారూ, చివరి కథలు నేనింకా చదవలేదు. శరదిందు గారే అజిత్‌కి సెలవిచ్చేశారంటే మనసు చివుక్కుమంది. బాసు ఛటర్జీ గారి మీద నా కోపం వెనక్కి తీసుకుంటున్నాను. గోదారిగట్టు గారూ, సత్యవతి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

సిరాబుడ్డి గారు చెప్పారని రాత్రే 'మక్డీ కా రస్' పెట్టుకుని చూశాను. ఈసారి బ్యోమకేశ్ మాట్లాడుతున్నంతసేపూ అతన్ని చూడకుండా అజిత్ మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. పెన్ను సంగతి తను చెప్పిన మాటల్లోనే ఉందని అర్థమైనప్పుడు అతని మొహం చూశారా? ఆ ఒక్క చోటే మూడుసార్లు వెనక్కి తిప్పుకుని చూశాను.