పలువురతో “నిగ్రహించి”యా, “విగ్రహించి”యా?

కాలువగట్టు:
మిత్రులకు నమస్కారం. మా ఊరు సాగర్ ఎడమ కాలువ కింద ఉంటుంది. కొత్తగా గెలిచిన సర్పంచ్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయే. పంచాయతీ ఆఫీసులో తన కుర్చీకి ఎదురుగోడ మీద సుమతీ శతకంలోని “బలవంతుడ నాకేమని” పద్యం రాయించమని అడిగింది. “వచ్చేవాళ్ల కోసం కాదు సార్, కూర్చున్నంతసేపూ నాకు కనపడాలి” అంది. పెయింటరు మొదటి పాదం రాసి, రెండో పాదం “పలువురతో …గ్రహించి పలుకుట మేలా”లో “పలువురతో” దగ్గర ఆగిపోయాడు. నేను చెప్పింది “నిగ్రహించి”. వాళ్ల నాయన నేర్పింది “విగ్రహించి” అట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకూ రెండూ చెవిలో మోగుతున్నాయి. ఒక్క అక్షరానికి చోటు వదిలి మిగతా పద్యమంతా రాసేశాడు. ఆ ఖాళీలో ఏం పెట్టమంటారు?

పాలమూరు పంతులు:
“ని”. సందేహం వద్దు. మా చిన్నప్పటి శతకాల అచ్చుప్రతుల్లో అదే చదివాం. నిగ్రహానుగ్రహ సమర్థుడు అని రాజునే కదా అంటాం. అణచడమూ ఆదరించడమూ రెండూ అతని చేతిలోవే. ఇక్కడ ఆదరణ పోయి అణచివేత ఒక్కటే మిగిలింది. పద్యంలో బాధ అదే.

మూసీగట్టు:
పంతులు గారూ, విభక్తి సంగతి చూడండి. శత్రువును నిగ్రహిస్తాం, ఇంద్రియాలను నిగ్రహిస్తాం. “శత్రువుతో నిగ్రహించు” అని ఎవరంటారు? “తో” కోరేది విగ్రహమే. సంధి, విగ్రహం, యానం, ఆసనం, ద్వైధీభావం, సమాశ్రయం అనే ఆరు రాజనీతి గుణాల్లో రెండోది, అంటే వైరం. ఈ శతకం బద్దెనది అనే మాట నిజమైతే, నీతిశాస్త్రముక్తావళి రాసిన మనిషి విగ్రహ శబ్దాన్ని ఊరికే వాడడు.

పాలమూరు పంతులు:
“తో”ను పక్కనున్న క్రియకే ఎందుకు కట్టాలి? పలువురతో పలుకుట అని అన్వయించండి. నిగ్రహించి పలుకుట, అంటే గద్దించి నోరు నొక్కేలా మాట్లాడటం. కవి తప్పుపట్టింది యుద్ధాన్ని కాదు, మాటతీరును. అధికారం చేతికొచ్చినవాడిలో మొదట మారేది గొంతే. నలభై ఏళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి, ఈ మాట నా అనుభవంతో అంటున్నాను.

వనపర్తి వాసి:
మూలం దగ్గరికి వెళ్లకుండా ఎంతసేపు వాదించినా తేలదు. పంచతంత్రం, కాకోలూకీయం:
“బహవో న విరోద్ధవ్యా దుర్జయా హి మహాజనాః
స్ఫురంతమపి నాగేంద్రం భక్షయంతి పిపీలికాః”
పలువురితో విరోధం కూడదు, పెద్ద పామునైనా చీమలు తినేస్తాయి అని. విరోద్ధవ్యాః అన్నాడు. విరోధం అంటే విగ్రహమే. కాబట్టి నా ఓటు “వి”కి. కానీ నన్ను పట్టి నిలిపేది “మహాజనాః”. అక్కడ దానికి గొప్పవాళ్లు అని కాదు, జనసమూహం అని అర్థం. తరువాతి పాదంలో వాళ్లకు ఉపమానం చీమలే మరి. మన సభల్లో “మహాజనులారా” అని పిలిచినప్పుడు ఎదురుగా నేల మీద కూర్చున్నవాళ్లందరికీ ఆ మాట దక్కుతుంది. ఎంత మర్యాదైన పిలుపో చూడండి.

పాలమూరు పంతులు:
శ్లోకం తెలియక కాదు. సుమతీ కవి అనువాదం చేయలేదు, పద్యం రాశాడు. శ్లోకంలో లేని “పలుకుట” తెచ్చింది ఆయనే. ఇక ఛందస్సు సాక్ష్యం చెప్పదు. “గ్ర”కు ముందున్న ని అయినా వి అయినా గురువే. గణం చెడదు, యతి ప వద్ద పడుతుంది.

కృష్ణాతీరం:
అందరూ రెండో పాదంలోనే ఉండిపోయారు. నాలుగో పాదంలో “చలిచీమ” ఎందుకు వచ్చిందో ఆలోచించారా? గండుచీమ కాదు, కొరివిచీమ కాదు. మా ఇంట్లో చలిచీమ అంటే కుట్టని చిన్న నల్లచీమ. కొరివి అంటే నిప్పు, కుడితే మంట. దానికి ఎదురు చలి. చలిది, చలివేంద్రం, చలిమిడి మాటల్లో ఉన్న చల్లదనమే ఇదీ అని నా నమ్మకం. ఎవరికీ హాని చేయనిదాన్ని ఏరి తెచ్చి పాము మీదికి పంపాడు కవి. పోయిన వానాకాలం మా పెరటి అరుగు మీద ఒక జెర్రి చచ్చి పడి ఉంది. ఈ చీమలే దాని ఒక్కో కాలి దగ్గరా చేరాయి. ఒకటి లాగితే కదలదు. అన్నీ కలిసి ఒక వైపు లాగగానే జానెడు జెర్రి గోడ పగులు దాకా జరిగింది. వంట మరిచిపోయి అక్కడే కూర్చున్నాను.

మూసీగట్టు:
అమ్మా, మీ చీమలు నన్ను 1996కు తీసుకెళ్లాయి. ఆ ఏడాది నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. ఫ్లోరైడు నీళ్లతో పళ్లు గారపట్టి, కాళ్లు వంకర తిరిగిన పల్లెల గోడు ఢిల్లీ దాకా వినపడాలని నామినేషన్లు వేసిన రైతులే అందులో ఎక్కువ. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. వాళ్లు ఎవరినీ కుట్టలేదు, గెలవలేదు కూడా. వ్యవస్థ మాత్రం వాళ్ల చేతఁ జిక్కింది. ఆ ఏడాదే లోక్‌సభకు డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. పలువురు అన్న మాటకు ఇంతకంటే వ్యాఖ్య నాకు దొరకలేదు.

వనపర్తి వాసి:
చలిది అనగానే పోతన గుర్తుకు రాకపోతే ఎలా? గోపబాలురు చల్దులు కుడిచే ఘట్టం ఎన్నిసార్లు చదివినా ఆకలి పుడుతుంది. అదే చేత్తో బలి నోట “కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే? వారేరీ?” అనిపించాడు. గోడ మీద రాయాల్సింది ఇదేనేమో కాలువగట్టు గారూ. వారేరీ అని ఊరుకోలేదు, “ఈరే కోర్కులు” అని శిబి వంటి దాతలనూ తలిచాడు. అధికారం పోతుందని తెలిసీ ఇచ్చిన మాట నిలుపుకున్నవాడు బలి. రాచకొండ రాజు భాగవతాన్ని అడిగితే పోతన ఇవ్వలేదనే కథ మన ప్రాంతంలో ఇన్నాళ్లు బతకడానికి కారణం కూడా జనం మనసులోని ఈ లెక్కే.

పాలమూరు పంతులు:
పోతన మీద మీకు నాకంటే ఎక్కువ ప్రేమ ఉందంటే ఒప్పుకోను. కానీ శార్దూలం ఆ గోడకు పట్టదు, కందమే సరి. ఒకటి గమనించండి. మొదటి పాదంలో “బలవంతుడ” అన్నది మహద్వాచకం, అంటే మగవాణ్ణి చెప్పే మాట, పైగా ఉత్తమపురుష. వాడే స్వయంగా చెప్పుకుంటున్నాడు. మూడో పాదానికి “బలవంతమైన సర్పము” అయింది. మహత్తు కాస్తా జంతువులకూ వస్తువులకూ వాడే అమహత్తులో పడింది. చీమలు చంపకముందే వ్యాకరణం వాణ్ణి దించేసింది.

కృష్ణాతీరం:
పంతులు గారూ, ఇది నేను రాసిపెట్టుకున్నాను.

కాలువగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. నా చిక్కు మాత్రం పెరిగింది. నిన్న ఒక వార్డు సభ్యుడు గోడ చూసి, ఖాళీలో నేను సుద్దముక్కతో పెట్టిన “ని” చదివి, “నిగ్రహంగా మాట్లాడటం తప్పా సార్?” అని అడిగాడు. ఈనాటి తెలుగులో నిగ్రహం అంటే ఓర్పే కదా, ఆయన తప్పు లేదు. “వి” పెడితే గుడిలో విగ్రహం అనుకుంటారు. సర్పంచ్ అమ్మాయి రెండర్థాలూ విని, “గద్దించి మాట్లాడొద్దన్నదే నాకు కావాలి” అంది. అలాగని చదివే అందరికీ ఆ అర్థమే తడుతుందా? పెయింటరు సోమవారం వస్తాడు.

మూసీగట్టు:
అయితే సోమవారానికి ఇంకా టైముంది. “తో” గురించి నేను చెప్పిందానికి పంతులు గారు పూర్తిగా జవాబివ్వలేదు. నిగ్రహించు క్రియకు తృతీయ వచ్చిన ప్రయోగం ఒక్కటి, ప్రాచీన కావ్యం నుంచి, చూపిస్తే ఒప్పుకుంటాను.

పాలమూరు పంతులు:
వెతుకుతున్నాను. కాలువగట్టు గారూ, నాలుగో పాదంలో “చేతఁ జిక్కి” అని అరసున్న పెట్టించారా, “చేత చిక్కి” అని రాసేశారా? ఫోటో పెట్టండి.